జిరాక్స్ కొట్టు పిన్ని

నయరెత్, ఆ రంగురంగుల పుస్తకం పక్కన పెట్టు.
అందులో ప్రతి ఫొటోలోనూ ఎండ కాస్తోంది.
మన వాల్దివియాలో అంత ఎండ
ఏడాదికి ఎన్నాళ్లుంటుందో నీకు తెలీదూ?
గడ్డి మీద నవ్వుతూ కూర్చున్న ఆ నలుగురిలో
ఒకడు నాకు బాకీ,
నాలుగు వందల పేజీలు, రెండువైపులా.

ఇరవై రెండేళ్లుగా వంతెనకి ఇవతల
ఈ మూత ఎత్తుతున్నాను, దించుతున్నాను.
నేను చదవని చదువంతా
ఆకుపచ్చ వెలుగులో నా చేతుల మీదుగానే పోయింది,
తలకిందులుగా.
కాబట్టి కాలేజీ సంగతి నాకూ కాస్త తెలుసు,
గుమ్మంలో గొడుగులు అందుకునేవాడికి
లోపలి పెళ్లి గురించి తెలిసినంత.

ముందు వెళ్లి చూడు.
గేటుకి బెలూన్లు కట్టి పిలిచిన రోజున కాదు,
జూన్‌లో, ఒక మంగళవారం, వాన దంచుతుండగా,
ఎవరికీ చెప్పకుండా.
నోటీసు బోర్డు మీద కాగితాలు ఏ ఏటివో చూడు.
లైబ్రరీలో ఉన్న ఒక్క హీటరు దగ్గర
ఎంతమంది మేజోళ్లు ఆరబెట్టుకుంటున్నారో,
ఎవరైనా జరిగి నీకు చోటిస్తారేమో చూడు.
వెనక బెంచీలో దూరి కూర్చో.
ఎవరో ఒకరు తెలివితక్కువ ప్రశ్న అడుగుతారు.
ఎవరూ అడగలేదా, లేచి వచ్చెయ్.
అడిగారా, మేష్టారు గడియారం చూస్తారో
సుద్దముక్క కింద పెడతారో కనిపెట్టు.

ర్యాంకులంటావా,
అవీ నేనే జిరాక్స్ తీశాను.
నువ్వు వేలు పెట్టి చూపిస్తున్నది
శాంటియాగోలో ఉంది, మంచిదే, కాదనను.
గది అద్దె కూడా అంత పైనే ఉంటుంది.
మీ అమ్మ చేపల బజార్లో నిలబడే గంటలు లెక్కపెట్టుకో,
కానీ ఆ లెక్కని మెడకి కట్టుకుని
నదిలో దిగకు.

అబ్దోన్ అని ఒక కుర్రాడు వచ్చేవాడు,
చిలోయె దీవి వాడు, ఆల్చిప్పలు పెంచే ఇల్లు.
ఇంజనీరింగు ఎందుకురా అంటే
"మార్కులు వృథా అవుతాయి కదా" అన్నాడు.
మూడో ఏడు, ఒక సాయంత్రం, తడిసి ముద్దై వచ్చి
చదువు మానేస్తున్నానన్న కాగితం
మూడు కాపీలు అడిగాడు.
మొదటిది నల్లగా వచ్చింది. రెండోది ఇరుక్కుంది.
నేను దాన్ని పీకుతున్నంతసేపూ వాడు
గోడమీది నాచు గురించి చెబుతూనే ఉన్నాడు.
నా కొట్టు గోడే! నేను రోజూ బ్లీచింగు పోసి తిట్టే నాచు!
అది ఒకటి కాదట, మూడు రకాలట,
వాటిలో ఒకటి మరీ నిదానమట,
నా అంత వయసుంటుందట.

అబ్బాయీ, ఆఫీసులో ఇంకో కాగితం దొరుకుతుంది,
మానడానికి కాదు, మారడానికి,
అది పట్టుకురా, డబ్బులొద్దు, అన్నాను.
వాడి థీసిస్ అదిగో, పై అరలో.
నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.
పన్నెండో పేజీలో మటుకు నా గోడ ఉంది.

చేరాక, చదువు. అది ఎలాగూ అందరూ చెబుతారు.
పుస్తకమంతా జిరాక్స్ తీయించుకున్నవాళ్లు
చదివేశామనుకుని గుర్రుపెట్టి నిద్రపోతారు,
నా పొయ్యి వెలిగేది ఆ భ్రమ మీదే.
నువ్వు నాకు బేరం ఇవ్వకు, చేత్తో రాసుకో.
పడవల జట్టులో చేరు, చేతకాకపోయినా.
ఒకసారి నదిలో పడు,
ఒడ్డున సముద్ర సింహాలు నిన్ను చూసి విసుక్కోవాలి.
పరీక్ష ముందు రాత్రి నిద్రపో,
అయిపోయిన రాత్రి అసలు పోకు.
గదిలో నీతో ఉండే పిల్ల
రెండ్రోజులు మంచం దిగకపోతే
దుప్పటి లాగి సూపు తాగించు.
నీకే అలా అయితే బస్సెక్కి ఇక్కడికి రా,
కారణం రాసివ్వక్కర్లేదు,
మెషీను వెనక వెచ్చగా ఉంటుంది.

నేనెందుకు చదవలేదంటావా?
ఆగు, ఎవరో వస్తున్నారు.

సోపైపియాలు చల్లారిపోతున్నాయి, తిను.
ఆ రంగుల పుస్తకం ఇలా ఇవ్వు,
ఆఖరి అట్ట వెనక తెల్లగానే ఉంది,
లెక్కలు వేసుకోవడానికి పనికొస్తుంది.